పాళెం ఆట డైరీ: ఊరు గెలిచిన మర్నాడు

ఏప్రిల్ 20, ఆదివారం

నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న ఫ్లెక్సీ మీద, నేను తయారు చేస్తున్న బల్ల మీది ఆటకు పటం అచ్చువేసి ఇంటికి తెచ్చినాను. నేను పనిచేసే ప్రెస్సులో మిగిలిపోయిన ముక్క, ఓనరు డబ్బులు తీసుకోలేదు. పైన ఉదయగిరి, కింద సెంజి, పడమట పుంగనూరు, తూర్పున పళవేర్కాడు (పులికాట్) రేవు, దాని కింద చెన్నపట్నం. నడుమ చంద్రగిరి, కాళహస్తి, కార్వేటినగరం, చిత్తూరు, వేలూరు. మొత్తం 22 ఊళ్లు. దారులు ఇంకా కుదరలేదు గానీ ఆడి చూడడానికి చాలు.

ఆట పేరు 'పాళెం'. ఆటలో కాలం 1640 నుంచి పదేళ్లు. తళ్లికోట యుద్ధం 1565లో అయినాక విజయనగర రాయలు పెనుకొండకు, అక్కణ్ణించి చంద్రగిరికి, ఆ తర్వాత వేలూరికి జరిగారు. 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి చెన్నపట్నం తావు రాసిచ్చాడు. 1640ల్లో గోల్కొండ, బిజాపూరు సైన్యాలు దక్షిణానికి దిగాయి. 1646లో చంద్రగిరి గోల్కొండ వశమైంది. ఊళ్లు చేతులు మారే కాలం అది. మా ఇంటి నుంచి బస్సెక్కితే అరగంటలో చంద్రగిరి కోట గోడ ముందు దిగొచ్చు. నా ఆటకు ఇంతకన్నా మంచి నేల నాకు తెలియదు.

నలుగురు ఆడతారు: రాయలు, గోల్కొండ, బిజాపూరు, మైసూరు. ఏడాదికి రెండు వంతులు, పదేళ్లకు ఇరవై. ఆటగాళ్ల కింద లేని ఊళ్లన్నీ పాళెగాళ్లవి, నాయకులవి, పరదేశి వర్తకులవి. జనానికి చింతపిక్కలు, పలుకుబడికి గవ్వలు, వరహాలకు అమ్మ డబ్బాలో దాచిన పాత అయిదు పైసల బిళ్లలు.

యుద్ధం నియమాలు రెండు రాత్రుల్లో తేలిపోయాయి. తేలనిది ఒక్కటే. ఊరు గెలిచినాక ఏమిటి? కోట మీద జెండా మారింది సరే, లోపల ఉన్న జనం, పాళెగాడు, కరణం, కావలివాళ్లు, వీళ్లందరూ మర్నాడు ఎవరి మాట వింటారు? ఈ డైరీ ఆ ఒక్క ప్రశ్న కోసం మొదలుపెట్టినా.

ఏప్రిల్ 27, ఆదివారం

బామ్మర్దికి నియమాలు చెబుతా ఉంటే అడిగినాడు: "ఊరు గెలిస్తే మనదయిపోయినట్టే గదా బావా? ఇంక దాంతో పనేముండాది?"

చాలా ఆటల్లో అంతే. ఊరి రంగు మారుతుంది, మనం ముందుకు పోతాం. అట్లా కాదని నాకు మొదట చూపించింది సివిలైజేషన్ 5. 2010లో వచ్చిన కంప్యూటరు ఆట, నేను హాస్టల్లో ఉన్నప్పటి నుంచి ఆడుతున్నా. దాన్ని బామ్మర్దికి చెప్పిన వరసలోనే ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా, ఎందుకంటే నా నియమాలన్నీ దాన్ని ఒప్పుకునో, దాంతో పోట్లాడో పుట్టినవే.

అందులో నగరం పడగానే జనం సగానికి తగ్గుతారు. మిగిలిన జనాన్ని బట్టి కొన్ని వంతులు ఊరు ఎదురు తిరిగి కూర్చుంటుంది. ఏమీ కట్టదు, ఏమీ ఇవ్వదు. ఊరు పడినప్పుడే ఆట మూడు దారులు చూపిస్తుంది. కలుపుకోవచ్చు, తోలుబొమ్మలాగా ఉంచుకోవచ్చు, తగలబెట్టొచ్చు. తగలబెట్టడం కూడా ఒక్క దెబ్బతో అయ్యేది కాదు, వంతుకింత జనం తరుగుతూ ఊరు మాయమవుతుంది. రాజధానులను, నగర రాజ్యాలను మాత్రం తగలబెట్టడానికి వీల్లేదు.

కలుపుకుంటే ఏం కట్టాలో మనమే చెప్పొచ్చు. కానీ ఊళ్లో న్యాయస్థానం కట్టేదాకా ఆ జనం అసంతృప్తి మన రాజ్యమంతటికీ బరువే. పైగా కలుపుకున్న ప్రతి ఊరితో మన రాజ్యానికి కొత్త సంస్కరణలు ఖరీదవుతాయి. తోలుబొమ్మ ఊరికి అంత బరువు లేదు. కానీ అది ఏం కట్టుకోవాలో అదే తేల్చుకుంటుంది, డబ్బు మీదే మనసు పెడుతుంది, విద్యలో సంస్కృతిలో 25 శాతం తక్కువ ఇస్తుంది. తోలుబొమ్మను ఎప్పుడైనా కలుపుకోవచ్చు. కలుపుకున్నదాన్ని మళ్లీ తోలుబొమ్మ చెయ్యలేం. ఈ ఒకవైపు తలుపు నాకు చాలా నచ్చింది. ఒక ఊరి పాలకుణ్ణి దింపేస్తే మళ్లీ ఎక్కించలేమన్న సంగతి ఈ ఒక్క నియమంలో ఉంది.

ఇక నగర రాజ్యాలు. ఒకే ఊరున్న చిన్న రాజ్యాలు. అవి ఆట గెలవాలని చూడవు, వాటి బతుకు అవి బతుకుతుంటాయి. కానుకలిచ్చో, అవి అడిగిన పని చేసిపెట్టో పలుకుబడి పెంచుకోవాలి. 30 దాటితే స్నేహం, 60 దాటితే మైత్రి. మిత్రుడు ఒక్కడే, ఎక్కువ పలుకుబడి ఉన్నవాడు. ఊరికే కూర్చుంటే వంతువంతుకూ అది కరిగిపోతుంది. రేవు పట్నాలు తిండి పెడతాయి, యుద్ధ పట్నాలు సిపాయిలను పంపిస్తాయి, సంస్కృతి పట్నాలు సంస్కృతి ఇస్తాయి. ఆటకు అదనంగా 2012లో వచ్చిన అనుబంధంలో మత పట్నాలు, వర్తక పట్నాలు కలిశాయి. సైన్యాన్ని గడపలో నిలబెట్టి కప్పం గుంజుకునే దారి కూడా అప్పుడే వచ్చింది. గుంజుకుంటే పలుకుబడి పడిపోతుంది. ఆటలోని ఆస్ట్రియా రాజ్యానికి ఆ అనుబంధంలోనే ఒక వరం ఇచ్చారు, అయిదు వంతులు మిత్రంగా ఉన్న నగర రాజ్యాన్ని డబ్బుపెట్టి పెళ్లి సంబంధంతో కలుపుకోవచ్చు. 2013 అనుబంధంలో వచ్చిన వెనిస్ రాజ్యమైతే యుద్ధం లేకుండా తన వర్తకుణ్ణి పంపించి నగర రాజ్యాన్ని కొనేస్తుంది, కానీ ఏ ఊరినీ పూర్తిగా కలుపుకోలేదు. తోలుబొమ్మగానే ఉంచుకోవాలి.

అన్నిటికన్నా నాకిష్టమైన నియమం ఇంకొకటుంది. ఎవరో గెలుచుకున్న నగర రాజ్యాన్ని మనం వాళ్ల చేతిలోంచి గెలిస్తే, నాలుగో దారి కనిపిస్తుంది: విడిపించడం. ఊరు తన పాత పేరుతో, పాత జెండాతో మళ్లీ లేచి నిలబడుతుంది. విడిపించినవాడికి మిత్రమవుతుంది. పటం మీద నుంచి పోయిన రాజ్యం తిరిగి రావడం చూసినప్పుడు నాకు హాస్టల్ గదిలో ఒళ్లు పులకరించింది. ఇప్పటికీ అంతే.

బామ్మర్ది అంతా విని, "మన పాళెగాళ్ల కత కూడా ఇంతే గదా" అన్నాడు. వాడికి అట్లా తోచినందుకు సంతోషం వేసింది.

మే 4, ఆదివారం

మొదటి ఆట. నియమం ఇట్లా పెట్టినా.

ఊరు పడగానే చింతపిక్కలు సగం పోతాయి, బేసి వస్తే పైకి. మిగిలినవి ఎన్నో అన్ని వంతులు ఎదురు. ఆ తర్వాత గెలిచినవాడు ఒకటి ఎంచుకోవాలి. 'కప్పం' అంటే పాళెగాడు అక్కడే ఉంటాడు, వంతుకు ఒక వరహా పంపిస్తాడు. 'అమానీ' అంటే పాళెగాణ్ణి దింపి మన అమల్దారును పెడతాం, పిక్కకొక వరహా వస్తుంది. కానీ చావడి కట్టేదాకా ఊళ్లో ఠాణా (కావలి దండు) ఉంచాలి, దాని ఖర్చు వంతుకు రెండు. చావడికి 8 వరహాలు. అమానీ, ఇజారా (గుత్త), పేష్కషు (కప్పం), ఇవన్నీ మన రెవెన్యూ దస్త్రాల్లో నలిగిన మాటలే. కొత్త పేర్లు కల్పించే అవసరం రాలేదు.

ఆట 14వ వంతులోనే అయిపోయింది. గోల్కొండగా ఆడిన బామ్మర్ది తొమ్మిది ఊళ్లు పట్టుకున్నాడు, తొమ్మిదీ అమానీయే. కప్పం ఎవరూ ముట్టుకోలేదు.

రాత్రి లెక్క వేస్తే అర్థమైంది. ఆరు పిక్కల ఊరు పడితే మూడు మిగులుతాయి. నాలుగో వంతులో పడిందనుకుంటే ఎదురు ఏడో వంతుకు తీరుతుంది, ఇంకా 13 వంతులు మిగిలి ఉంటాయి. అమానీలో వెంటనే చావడి కడితే 39 వరహాలు వచ్చి 8 పోతాయి, మిగిలేది 31. కప్పంలో అన్ని వంతులకూ కలిపి 13. ఇంత తేడా ఉంటే పాళెగాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? నేను రాసిన నియమమే అందరినీ అమానీ వైపు తోసింది.

మే 17, శనివారం

గంగ జాతర వారమంతా ప్రెస్సులో రాత్రి పదకొండు దాకా పనే. పటం చుట్టి బీరువా పైన పెట్టేసినాను. ఈరోజు తీసి రెండో ఆట ఆడినాం.

అమానీని బరువు చేద్దామని ఠాణా ఖర్చు మూడు చేసినా, చావడి 14 చేసినా, కట్టడానికి మూడు వంతులు పట్టేటట్టు పెట్టినా. ఫలితం: ఇరవై వంతుల్లో రెండే రెండు ఊళ్లు చేతులు మారాయి. అందరూ ఎవరి కోటలో వాళ్లు కూర్చున్నారు. మా పెద్దమ్మాయి పన్నెండో వంతు దగ్గర "నాన్నా, నేను చదువుకోవాలి" అని లేచి పోయింది. సెలవుల్లో ఆ మాట వచ్చిందంటే ఆట ఎంత విసుగనిపించిందో తెలుస్తుంది.

ధర పెంచితే గెలుపు మానుకుంటారు, ధర తగ్గిస్తే పాళెగాణ్ణి మానుకుంటారు. అంటే వెతకాల్సింది ధరలో కాదు.

మే 25, ఆదివారం

పిల్లలను తీసుకుని చంద్రగిరి కోటకు పోయినాం. ఎన్నోసారో లెక్కలేదు. రాజమహల్లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. పెద్దమ్మాయి శిల్పాలు చూస్తుంటే నేను ముందున్న తోటలో చెట్టు కింద కూర్చుని నోట్సు రాసుకున్నా. రాజమహలు అంచులు, గోపురాల వరస గీసుకున్నా, ఊరి బిళ్ల మీద బొమ్మకు పనికొస్తుంది.

అక్కడ కూర్చుని ఉండగా తోచింది. ఈ కోటను రాయలు ఏలారు, గోల్కొండ ఏలింది, ఆ తర్వాత ఇంకా కొందరు ఏలారు. పైన జెండా మారిన ప్రతిసారీ చుట్టూ ఉన్న పాళేలు ఏం చూసి ఉంటాయి? కొత్తగా వచ్చినవాడి బలం ఒక్కటే చూసి ఊరుకోవు. 'మన పక్క పాళెగాణ్ణి వీడేం చేశాడు' అని చూస్తాయి.

తిరుగు దారిలో తిరుపతి బస్టాండులో దిగి, పిల్లలకు చెరుకురసం తాగిస్తూ బస్సుల బోర్డులు చదువుతూ నిలబడ్డా. పుంగనూరు, బంగారుపాళ్యం, కార్వేటినగరం, శ్రీకాళహస్తి. నా బల్ల మీది ఊళ్లన్నీ ప్లాట్‌ఫారాల మీద వరసగా నిలబడి ఉన్నాయి. పాళెం అంటే మొదట్లో సైన్యం విడిది. ఆ విడిది ఊరైంది, ఆ ఊరి నాయకుడు పాళెగాడైనాడు. సైన్యం పంపిస్తాడు, దారులకు కావలి కాస్తాడు, కావలి రుసుము వసూలు చేసుకుంటాడు, పైవాడికి కప్పం కడతాడు. పైవాడు మారినా కింద ఈ పని ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. వాణ్ణి తీసేసినవాడు ఆ పనంతా తన నెత్తిన వేసుకుంటాడు.

నా ఆటలో కరువైంది ఇదే. పక్క ఊరి చూపు.

జూన్ 1, ఆదివారం

ధరలన్నీ పాతవే పెట్టేసినా: ఠాణా రెండు, చావడి 8. కొత్తగా చేర్చింది 'జడుపు'.

ప్రతి పాళేనికీ ప్రతి ఆటగాడి మీద ఒక గవ్వల లెక్క ఉంటుంది. మూడు గవ్వలకు స్నేహం, ఆరుకు మైత్రి. సివిలైజేషన్లోని 30, 60 లను పదింట ఒక భాగానికి కుదించినా. వంతుకొక గవ్వ కరుగుతుంది. ఇప్పుడు ఎవరైనా ఒక పాళెగాణ్ణి దింపి అమానీ పెడితే, ఆ ఊరికి దారి ఉన్న ప్రతి పాళెంలోనూ వాడి గవ్వలు రెండు పడిపోతాయి. సున్న కిందికి కూడా పోవచ్చు. మైనస్ మూడుకు చేరితే ఆ పాళెం వాడి సైన్యానికి దారి మూసేస్తుంది, శత్రువుకు తలుపు తీస్తుంది. పాళెగాణ్ణి ఉంచి కప్పం తీసుకుంటే జడుపు లేదు. పైగా యుద్ధం వచ్చినప్పుడు కప్పం కట్టే పాళెం ఒక గుర్రపు దండు పంపిస్తుంది. కానీ ఆ పాళెం మీద ఎవడన్నా పడినప్పుడు మనం పోకపోతే, ఆ పాళెం మన చేయి జారిపోతుంది.

ఆట నాలుగున్నర గంటలు నడిచింది. మధ్యలో ఎవరూ బల్ల దగ్గర నుంచి లేచిపోలేదు.

బామ్మర్ది మళ్లీ గోల్కొండ, అలవాటు ప్రకారం ఆరు ఊళ్లలో అమానీ పెట్టినాడు. డబ్బు పొంగింది. పన్నెండో వంతులో వేలూరి ముందు దండు దించి ఉంటే వెనక కాళహస్తి మైనస్ మూడుకు పడి దారి మూసింది, తర్వాతి వంతుకు కార్వేటినగరం కూడా పడుతుందని వాడికి కనిపించింది. మూయకముందే ఆ ఊరిని కూడా పట్టుకున్నాడు. దాంతో బంగారుపాళ్యం, చిత్తూరు జడిసినాయి. వేలూరి ముందున్న దండుకు తిండి పోయే దారే లేకపోయింది.

"ఈ ఊరోళ్లకు నేనేం చేసినా బావా? వీళ్ల జోలికే పోలేదు గదా!" అన్నాడు.

"వాళ్ల పక్కోడి జోలికి పోయినావు కదరా" అన్నా.

పదిహేనో వంతులో రాయలుగా ఆడుతున్న మా పెద్దమ్మాయి కార్వేటినగరాన్ని గోల్కొండ నుంచి గెలుచుకుంది. అమానీ చేసుకుంటుందనుకున్నా, డబ్బు బాగా తక్కువగా ఉంది దానికి. బిళ్ల తిప్పి పాళెగాడి బొమ్మ పైకి పెట్టి, "ఇచ్చేస్తున్నా" అంది. విడిపించినందుకు కార్వేటినగరం ఒక్కసారిగా ఆరు గవ్వలు, బల్ల మీది ప్రతి పాళెం ఒక్కో గవ్వ ఇచ్చాయి. మూడు వంతుల్లో ఎనిమిది పాళేలు దాని వెనక నిలబడ్డాయి. దానికి ఉన్నవి రెండు అమానీ ఊళ్లే, కప్పం కట్టేవి అయిదు. గెలిచింది.

ఈ జడుపు నేను ఉత్తినే కల్పించింది కాదు. ఆర్కాటు నవాబు రాజ్యం 1801లో కంపెనీ చేతికి వచ్చినాక చిత్తూరు పాళెగాళ్లు కంపెనీ మీద తిరగబడ్డారు. కొన్నేళ్లకే ఆ పాళేలను చాలావరకు కంపెనీ లాక్కుంది. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు లాంటివి జమీందారీలుగా నిలిచాయి. పైన కడప వైపు దత్త మండలాల్లో 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాళ్లను దింపి, భత్యాలిచ్చి పక్కన పెట్టి, రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతి తెచ్చాడు. నా ఆట కాలానికి ఇది నూటయాభై ఏళ్ల తర్వాతి మాట. కానీ నియమం రాసేటప్పుడు నా మనసులో ఉన్నది ఇదే. పాళెగాణ్ణి దింపడమంటే దస్త్రంలో ఒక పేరు కొట్టేయడం కాదు. అక్కడి కావలి, దండు, తగువులు తీర్చే చావడి అన్నీ కొత్తగా కట్టుకోవాలి. కంపెనీకి అంత డబ్బూ, సైన్యమూ ఉన్నాయి. 1640లో మన రాయలకు లేవు.

జూన్ 8, ఆదివారం

కంప్యూటరు ఆట కూడా పక్కన మొదలైంది. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో 4లో రాస్తున్నా, ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. రెండేళ్ల కింద గోడో 3లో చేసి చూస్తే తెలుగు వత్తులు విడిపోయి పక్కన పడేవి, 'కార్వేటినగరం' చదివేటట్టే ఉండేది కాదు. 2023లో వచ్చిన 4లో అక్షరాలను కూర్చే పద్ధతి మార్చారు. గుణింతం, వత్తు, అన్నీ చక్కగా నిలబడతాయి. ఊళ్ల పేర్లు తెరమీద సరిగ్గా కనిపించిన రాత్రి మా ఆవిడను నిద్ర లేపి చూపించినా.

ఈరోజు తగిలిన తప్పు రాసి పెట్టాలి, ఇంకెవరన్నా ఇట్లాంటి ఆట రాస్తే పనికొస్తుంది. ఒక్కో ఊరికి యజమాని అని ఒక గడి, పాత యజమాని అని ఒక గడి పెట్టినా. విడిపిస్తే పాత యజమానికి పోతుంది. బాగానే ఉందనుకున్నా. పుంగనూరును మైసూరు పట్టుకుంది, మైసూరు నుంచి బిజాపూరు పట్టుకుంది, బిజాపూరు నుంచి రాయలు గెలిచి విడిపించారు. పుంగనూరు పోయి మైసూరు ఒళ్లో పడింది! పాత యజమాని మైసూరే కదా.

ఉండాల్సింది మూడు గడులు. మూల యజమాని, అంటే ఆట మొదట్లో ఊరు ఎవరిదో. అది ఎప్పటికీ మారకూడదు. ఇప్పటి యజమాని. ఊరి స్థితి: స్వతంత్రం, ఎదురు, కప్పం, అమానీ. విడిపించినప్పుడు చూడాల్సింది మూల యజమానినే. సివిలైజేషన్లో పోయిన నగర రాజ్యం తన పాత పేరుతో తిరిగి రావడానికి కూడా ఇట్లాంటి గడి ఏదో లోపల ఉండాలి. ఊరు పుట్టినప్పుడు ఎవరిదన్న సంగతి ఆట మరిచిపోకూడదు.

జూన్ 15, ఆదివారం

నాలుగో ఆట. విడిపించడంలో ఒక కంత దొరికింది, దొరికించుకున్నది బామ్మర్ది, ప్రెస్సులో నాతో పనిచేసే తమ్ముడు కలిసి.

బామ్మర్ది గోల్కొండ, తమ్ముడు బిజాపూరు. వీడు ఒక పాళెం పడగొడతాడు, వాడు మర్నాడే వచ్చి విడిపిస్తాడు, ఆరు గవ్వలు పట్టుకుంటాడు. తర్వాత వాడు పడగొడతాడు, వీడు విడిపిస్తాడు. ఆరు వంతుల్లో సగం పాళేలు వీళ్లిద్దరి మిత్రులే. పాపం ఆ ఊళ్లలో మాత్రం పిక్కలు ఆరు నుంచి మూడు, మూడు నుంచి రెండుకు పడిపోయాయి. జనాన్ని సగం చేసినవాళ్లకే ఆ జనం మిత్రులైపోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

మూడు మార్పులు చేసినా. ఊరు కనీసం రెండు వంతులు శత్రువు చేతిలో ఉంటేనే విడిపించిన లెక్క. ఒక పాళేన్ని ఒక ఆటగాడు ఒక్కసారే విడిపించగలడు. విడిపించే దండు వచ్చినప్పుడు పిక్కలు సగం కావు, లోపలివాళ్లే తలుపు తీస్తారు. మూడోది ఆడేవాళ్లకు చిన్న సంగతి. నాకు మాత్రం ఇదే పెద్దది. ఊరిని గెలవడానికీ ఊరిని విడిపించడానికీ చింతపిక్కల్లో తేడా కనిపించాలి.

సివిలైజేషన్ 6 చూడమని తమ్ముడు చెప్పినాడు. అందులో 2018 అనుబంధం నుంచి ప్రతి నగరానికీ విధేయత లెక్క ఉంటుంది, నిండితే 100. చుట్టూ తొమ్మిది గడుల లోపల ఉన్న జనం ఎవరివాళ్లో దాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. సున్నకు పడితే ఊరు విడిపోయి స్వతంత్రమవుతుంది. నగర రాజ్యాలకు పలుకుబడి బదులు దూతలు, కనీసం ముగ్గురు దూతలుండి, అందరికన్నా ఎక్కువ ఉన్నవాడే దాని పెద్ద. మంచి పద్ధతే. నా జడుపుకు అది దూరపు చుట్టం. కానీ 22 ఊళ్ల మీద ప్రతి వంతూ జనం ఒత్తిడి లెక్కవేయడం బల్ల మీద కుదరదు. కంప్యూటరు వేస్తుంది, మనిషి వేలు విసిగిపోతుంది. వద్దనుకున్నా.

జూన్ 22, ఆదివారం

తిరుమల గురించి ఇంట్లో పెద్ద మాట నడిచింది. పటంలో కొండకు కూడా ఒక బిళ్ల పెట్టి ఉన్నా, మత పట్నంలాగా. అమ్మ చూసింది.

"కొండను ఎవురు గెలిచేది నాయనా? రాయలే ఆడ చేతులు జోడించుకోని నిలబడుండాడు."

నిజమే. గుడిలో కృష్ణదేవరాయలు భార్యలిద్దరితో కలిసి చేతులు జోడించి నిలబడ్డ విగ్రహం ఉంది. తర్వాతి చరిత్ర కూడా అమ్మ మాట వైపే ఉంది. ఆర్కాటు నవాబు కాలంలో కొండ ఆదాయాన్ని ఇజారాకు ఇచ్చేవాళ్లు. 1801 తర్వాత కంపెనీ అధికారులు చూశారు, 1843లో హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు, 1932 చట్టంతో దేవస్థానం ఏర్పడింది. నిర్వహణ ఇన్ని చేతులు మారింది. పూజ మాత్రం ఎవరూ గెలుచుకున్నది కాదు.

బిళ్ల తీసేసినా. కొండకు పిక్కల్లేవు, కోట లేదు, దాన్ని ముట్టడించే నియమమే లేదు. ఏ ఆటగాడైనా తన వంతులో కొండకు కానుక పంపించొచ్చు. అయిదు వరహాలు పంపిస్తే ఏ పాళెంలోనైనా పడిపోయిన గవ్వల్లో రెండు తిరిగి వస్తాయి, మైనస్‌లో ఉన్నా సరే. యుద్ధం లేకుండా జడుపు మాన్పుకోవడానికి బల్ల మీద ఉన్న దారి ఇదొక్కటే. అమ్మ ఆ నియమం రెండుసార్లు చెప్పించుకుని, "బాగుండాది" అంది.

పళవేర్కాడు, చెన్నపట్నం సంగతి కూడా దీంతో తేలింది. పళవేర్కాటిలో డచ్చివాళ్లు, చెన్నపట్నంలో ఇంగ్లీషువాళ్లు. వర్తక పట్నాలుగా పెట్టినా. మిత్రమైతే వంతుకు రెండు వరహాలు. వీటికి పక్క ఊళ్ల జడుపు అంటదు, పాళెగాణ్ణి దింపినా వాళ్ల వ్యాపారం వాళ్లది.

జూన్ 29, ఆదివారం

కొత్త ఫ్లెక్సీ వచ్చింది. దారులు సరిచేసినా, కొండ చుట్టూ ఆకుపచ్చ వేసినా, బిళ్లలకు ఒకవైపు పాళెగాడి తలపాగా, ఇంకోవైపు అమల్దారు కలందాను (కలాలు పెట్టుకునే పెట్టె). ఊరు చేతులు మారినా తలపాగా పైకుంటే కప్పం. కలందాను పైకొచ్చిందంటే అమానీ. దూరం నుంచి చూసినా ఎవరి రాజ్యం ఎట్లాంటిదో తెలిసిపోతుంది.

ఆరో ఆట ఆడినాం. మొత్తం 22 ఊళ్లలో 11 చేతులు మారాయి, అందులో అమానీ నాలుగే. ఇన్నాళ్లకు కప్పం ఎక్కువైంది. బామ్మర్ది మొదటి ఊరు గెలవగానే కలందాను వైపు తిప్పబోయి, చుట్టూ దారులు లెక్కపెట్టుకుని, తలపాగానే ఉంచినాడు. నేను ఎదురుచూసింది ఆ ఆలోచన కోసమే.

పుంగనూరు మూడుసార్లు చేతులు మారింది. మైసూరు, బిజాపూరు, చివరికి మా పెద్దమ్మాయి విడిపించింది. ఆట అయిపోయి బిళ్లలు తీస్తుంటే పుంగనూరులో రెండు పిక్కలే ఉన్నాయి. మొదట్లో ఆరు.

"నాన్నా, వీళ్లు మళ్లీ ఎప్పుడు పెరుగుతారు?" అని అడిగింది.

నేను ఆ నియమమే రాయలేదు. రెండు నెలలు ఊరిని ఎట్లా గెలవాలి, ఎట్లా ఉంచుకోవాలి, ఎట్లా విడిపించాలి అని చూసినానే గాని, పడిన ఊరు మళ్లీ నిండే దారి పెట్టలేదు. ఇద్దరం కూర్చుని ఒకటి అనుకున్నాం: రెండు వంతులు వరసగా దండు రాకపోతే ఒక పిక్క పెరుగుతుంది. చెరువున్న ఊళ్లో వంతుకొక పిక్క. చెరువు గట్టు తెగ్గొట్టే పని ఏ ఆటగాడికీ ఉండకూడదని అది పట్టుబట్టింది. అట్లాగే రాసినా.

చావడి ధర 8 ఉంచాలా 10 చెయ్యాలా అన్నది వచ్చే ఆటలో చూడాలి. ఇప్పుడు పటం మీద నీలం ఇంకుతో చెరువులు గుర్తుపెడుతున్నాం, తను ఊళ్ల పేర్లు చదువుతుంది, నేను గీస్తున్నా. ఇప్పటికి ఏడు పెట్టినాం.